బడి గురించి మాట్లాడే ఎంపీ టెండర్ల గురించి ఎందుకు అడగాలి?

గ్రూప్స్_బాట

అందరికీ నమస్కారం. పోటీ పరీక్షల కోసం పార్లమెంటు చర్చలు చదవడం మొదలుపెట్టాను. మొదట్లో సిలబస్ కోసమే చదివాను, ఇప్పుడు రోజూ రాత్రి ఓ గంట అదే పని. ఒక సంగతి మాత్రం అర్థం కావడం లేదు. చదువు మీద చర్చ జరిగితే సభ్యులు హక్కు గురించి, పేదపిల్లల గురించి, దేశ భవిష్యత్తు గురించి చాలా బాగా మాట్లాడతారు. ప్రభుత్వ కొనుగోళ్లు, టెండర్ల సంగతి వస్తే మాట్లాడేవాళ్లు తక్కువ. నా రూమ్మేటేమో "చదువు కోసం మాట్లాడే ఎంపీ టెండర్ల జోలికి పోకూడదు, అది కాంట్రాక్టర్ల గొడవ" అంటాడు. నాకు ఆ రెండూ ఒకే మనిషి పట్టించుకోవాల్సినవని అనిపిస్తుంది. ఎందుకో గట్టిగా చెప్పలేకపోతున్నాను. తెలిసినవాళ్లు చెప్పండి. ఇంకోటి, ఈ విషయాల్లో ఒక ఎంపీ నిజంగా పని చేస్తున్నాడా లేదా అన్నది దేన్ని బట్టి చూడాలి?

సర్కారుబడి_టీచర్

బాబూ, మీ రూమ్మేటుకి ఈ ఒక్క సంగతి చెప్పండి. కొన్నేళ్ల కిందట మా బడికి ఎనిమిదో తరగతి లెక్కల పుస్తకాలు బడి తెరిచిన చాలా వారాలకు గానీ రాలేదు. మిగతావన్నీ వచ్చాయి, అదొక్కటే రాలేదు. పాత పుస్తకాలు పదో పదకొండో దొరికితే బెంచీకొకటి ఇచ్చాను. ఒకరోజు నోట్సులు దిద్దుతుంటే ఒక అమ్మాయి పుస్తకంలో అధ్యాయం మొత్తం చేత్తో ఎక్కించి ఉంది. లెక్కలు, బొమ్మలు, ఆఖరికి పేజీల మూలన పేజీ నంబర్లు కూడా. "నంబర్లెందుకమ్మా?" అంటే, "మీరు నలభై మూడో పేజీ తీయండి అంటారు కదా టీచర్, నేనూ తీయాలి కదా" అంది.

ఆ పుస్తకం ఆలస్యం కావడానికి కాగితం కొనుగోలు టెండరు తెగకపోవడమే కారణమని తర్వాత విన్నాం. ఆ పిల్లకు చదువుకునే హక్కు అప్పటికే చట్టంలో ఉంది. పుస్తకమే చేతిలో లేదు. నా మటుకు నాకు రెండూ ఒకటే విషయం.

లా_లైబ్రరీ

టీచర్ గారి మాట చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయాను.

చరిత్ర వైపు నుంచి కొంచెం చెబుతాను. మన దగ్గర చట్టసభలో నిర్బంధ ప్రాథమిక విద్య కోసం గట్టిగా నిలబడిన మొదటి సభ్యుడు గోపాలకృష్ణ గోఖలే. 1910లో బ్రిటిష్ కాలపు కేంద్ర చట్టసభ అయిన ఇంపీరియల్ లెజిస్లేటివ్ కౌన్సిల్లో తీర్మానం పెట్టారు. 1911 మార్చి 16న ఏకంగా బిల్లే తెచ్చారు. అప్పటికే బరోడా సంస్థానంలో శాయాజీరావు గైక్వాడ్ 1906 నుంచి నిర్బంధ విద్యను అమలు చేస్తున్నారు కాబట్టి, మన దేశంలో ఇది కుదరదు అనే మాటకు జవాబు కళ్లముందే ఉంది.

ఆ బిల్లు చదివితే గోఖలే ఎంత లెక్కగా ఆలోచించారో తెలుస్తుంది. నిర్బంధం అన్నిచోట్లా ఒక్కసారే కాదు, అప్పటికే తగినంతమంది పిల్లలు బడికి వస్తున్న ప్రాంతాల్లోనే. ముందుగా 6 నుంచి 10 ఏళ్ల మగపిల్లలకు, ఆడపిల్లలకు తర్వాత. నెలకు పది రూపాయల లోపు ఆదాయం ఉన్న ఇంటి పిల్లల దగ్గర ఫీజు తీసుకోకూడదు. ఖర్చులో మూడింట రెండు వంతులు ప్రభుత్వానిది, ఒక వంతు స్థానిక సంస్థలది. డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చెప్పకుండా హక్కు అడగలేదు ఆయన. అయినా 1912 మార్చి 19న 38 మంది వ్యతిరేకించి, 13 మంది సమర్థించి, బిల్లు వీగిపోయింది. వీగిపోతుందని తెలిసే ఆయన మాట్లాడారు. ఆ ప్రసంగం వీలుంటే చదవండి.

తేల్చిచెప్పు

గౌరవంగానే అడుగుతున్నానండి. 1911లో అడిగితే 2009లో చట్టం వచ్చింది. దాదాపు వందేళ్లు! మధ్యలో ఎన్ని ప్రసంగాలు జరిగి ఉంటాయి? చివరికి హక్కు ఇచ్చింది సుప్రీంకోర్టు. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో 14 ఏళ్ల వరకు ఉచిత విద్య ప్రాథమిక హక్కని తేల్చింది. ఆ కేసు మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మీద వేసిందే. సభలో మాటల వల్ల ఒరిగిందేంటి?

లా_లైబ్రరీ

మీ కోపం న్యాయమైనదే. కానీ ఆ తీర్పు దేని మీద నిలబడిందో చూడండి. రాజ్యాంగంలో 45వ అధికరణం మీద. ఆ అధికరణం ఊరికే పుట్టలేదు.

1948 నవంబర్ 23న రాజ్యాంగ సభలో దాని మీద చర్చ జరిగింది. అప్పటికది ముసాయిదాలో 36వ అధికరణం. మొదటి ముసాయిదాలో "ప్రతి పౌరుడికీ ఉచిత ప్రాథమిక విద్య పొందే హక్కు ఉంది" అన్న అర్థంలో ఒక వాక్యం ఉండేది. ఇది ఆదేశిక సూత్రాల భాగం, అంటే కోర్టుకెళ్లి అమలు చేయించుకోలేని మార్గదర్శకాలు కాబట్టి హక్కు అనే మాట ఇక్కడ ఇమడదని లక్ష్మీకాంత మైత్రా సవరణ పెట్టారు. అంబేద్కర్ దాన్ని ఒప్పుకున్నారు. ఆ వాక్యం పోయింది. అదే రోజు నజీరుద్దీన్ అహ్మద్ ఇంకో సవరణ పెట్టారు, ప్రభుత్వ బాధ్యతను ప్రాథమిక విద్య వరకే ఉంచుదామని. అంబేద్కర్ దాన్ని ఒప్పుకోలేదు. ఆయన చెప్పిన కారణం ఇది: 14 ఏళ్ల లోపు పిల్లల్ని పనిలో పెట్టకూడదని ఇంకో అధికరణంలో రాసుకున్నాం, పనికి వెళ్లని పిల్లవాడు ఎక్కడో ఒకచోట ఉండాలి కదా, ఆ చోటు బడి కావాలి.

ఒకే పూటలో ఒక సవరణ వల్ల హక్కు అనే మాట పోయింది. ఇంకో సవరణను ఒప్పుకోకపోవడం వల్ల 14 ఏళ్లు నిలిచింది. 1993 తీర్పులోనూ, 2002లో 86వ సవరణతో చదువును ప్రాథమిక హక్కుగా రాసిన 21ఏ అధికరణంలోనూ, 2009 విద్యాహక్కు చట్టంలోనూ అదే 14. ఎనిమిదో తరగతి పిల్లకు ఉచితంగా పుస్తకం రావాలి అని ఈ రోజు మనం అడగగలుగుతున్నామంటే, ఆ రోజు ఆ సవరణను ఆపినందుకే. సభలో మాటకు విలువ లేదని నేను అనలేను.

తేల్చిచెప్పు

ఈ సంగతి నాకు తెలియదు. పోయిన వాక్యం, మిగిలిన వయసు రెండూ ఒకే రోజువని అసలు అనుకోలేదు. సభలో మాటకు విలువ ఉందని ఒప్పుకుంటాను. అమలు మీద నా అనుమానం మాత్రం పోలేదు.

రిటైర్డ్_ఏఈ

అమలు దగ్గరికి వచ్చారు కాబట్టి నేను మాట్లాడతాను. ముప్పై ఏళ్లు ఎం-బుక్కులు, అంటే పనుల కొలతలు నమోదు చేసే పుస్తకాలు, రాసిన ఇంజనీరుని.

ఒక బడికి బెంచీలు వచ్చాయి. ఇద్దరు కూర్చునే ఇనుప ఫ్రేము బెంచీలు. టెండరు కాగితంలో 16 గేజి పైపు అని ఉంది. అంటే గోడ మందం సుమారు 1.6 మిల్లీమీటర్లు. పెయింటు మెరిసిపోతోంది, చూడ్డానికి చక్కగా ఉన్నాయి. కింద వైపు ప్లాస్టిక్ క్యాపు ఊడబీకి మందం కొలిచే వెర్నియర్ పెట్టి చూస్తే 1.2 వచ్చింది. అది 18 గేజి. చేత్తో పట్టుకుంటే తేడా తెలియదు. రెండేళ్లు పోయాక వెల్డింగు దగ్గర చిట్లుతుంది, ఆ పిల్లలు మళ్లీ నేల మీద కూర్చుంటారు. నేను తిప్పి పంపమని రాశాను. ఆ తర్వాత నా మీద వచ్చిన ఒత్తిడి సంగతి ఇక్కడ వద్దు. బెంచీలైతే మారాయి.

నేను చెప్పదలచింది ఏంటంటే, తప్పు టెండరు తెరిచిన రోజునే కనిపించదు. మూడు చోట్ల జరుగుతుంది. ఒకటి, షరతులు రాసేటప్పుడు. ఫలానా సంస్థకే సరిపోయేట్టు అనుభవం ఇన్నేళ్లు, టర్నోవరు ఇంత అని పెడతారు. రెండు, బిడ్లు వేసేటప్పుడు. నలుగురు వేస్తారు, నలుగురూ ముందే మాట్లాడుకుని ఉంటారు. దాన్ని కాంపిటీషన్ చట్టం నిషేధించింది, కానీ నిరూపించడం కష్టం. మూడోది సరుకు దిగేటప్పుడు. ఈ మూడోదాన్ని పట్టుకోవాలంటే వెర్నియర్ తీసే మనిషి ఉండాలి, ఆ మనిషి సంతకం పెట్టననే హక్కు మిగలాలి.

సర్కారుబడి_టీచర్

మాస్టారూ, మీరు తిప్పి పంపినందుకు ఒక టీచరుగా చేతులెత్తి దండం పెడుతున్నాను. ఒక అనుమానం. అందరికంటే తక్కువ ధర చెప్పినవాడికే ఎందుకివ్వాలి? అందుకే కదా నాసిరకం వచ్చేది?

రిటైర్డ్_ఏఈ

మంచి ప్రశ్న అమ్మా. ఎల్1 పద్ధతి అంటారు దీన్ని. చివరి నిర్ణయం ధర మీదే ఉంటే అధికారి ఇష్టాయిష్టాలకు చోటుండదు, అందుకని పెట్టారు. నిజానికి తక్కువ ధర ఒక్కటే చూడమని ఎవరూ చెప్పలేదు. ముందు సాంకేతికంగా సరిపోయినవాళ్లను వడగట్టి, వాళ్లలో తక్కువ ధర చూడాలి. వడగట్టడం సరిగ్గా చేయకపోతే ఎల్1ని తిట్టుకోవాల్సి వస్తుంది. 2021 అక్టోబర్‌లో కేంద్ర ఆర్థిక శాఖ కొన్ని రకాల పనుల్లో నాణ్యతకు కూడా మార్కులిచ్చే పద్ధతిని అనుమతించింది, అదీ ముప్పై శాతానికి మించకుండా. నేను దీన్ని పూర్తిగా సమర్థించను. మార్కులు వేసేది మనుషులు కాబట్టి అక్కడ ఇంకో తలుపు తెరుచుకుంటుంది. షరతు స్పష్టంగా రాసి, సరుకు దగ్గర కఠినంగా ఉండటమే నాకు తెలిసిన దారి.

లా_లైబ్రరీ

ఏఈ గారు చెప్పిన షరతుల సంగతి మీద సుప్రీంకోర్టు తీర్పు ఒకటుంది. 1979, రమణ దయారాం శెట్టి కేసు. విమానాశ్రయంలో రెస్టారెంటు నడపడానికి కనీసం ఐదేళ్ల అనుభవమున్న రెండో తరగతి హోటలు యజమాని కావాలని టెండరు ప్రకటనలో రాశారు. చివరికి ఆ అర్హత లేనివాళ్లకు ఇచ్చారు. ప్రభుత్వ సంస్థ తాను పెట్టిన షరతును తానే దాటకూడదని, ఇష్టమొచ్చినట్టు ఇవ్వడం సమానత్వం గురించి చెప్పే 14వ అధికరణానికి విరుద్ధమని కోర్టు చెప్పింది. కోర్టుకు వెళ్లిన వ్యక్తికి మాత్రం ఉపశమనం దక్కలేదు. ఆలస్యంగా వచ్చారని, ఆయనకు ఇందులో నిజమైన ఆసక్తి లేదని అంది. అంతవరకే చెప్పినా, ఆ షరతు కట్టుబాటు తర్వాత వందల కేసులకు ఆధారమైంది.

పార్లమెంటు వైపు చూస్తే అసలు లోటు అక్కడుంది. కేంద్రం ఇన్ని లక్షల కోట్లు కొంటుంది కదా, దానికి పార్లమెంటు చేసిన సమగ్ర చట్టం లేదు. 2017 నాటి సాధారణ ఆర్థిక నిబంధనల మీద, ఆర్థిక శాఖ మాన్యువళ్ల మీద నడుస్తోంది. 2016 ఆగస్టులో మొదలైన, ప్రభుత్వ శాఖలు ఆన్‌లైన్లో కొనే జెమ్ పోర్టల్ కూడా ఆ నిబంధనల కిందే. 2012 మే 14న పబ్లిక్ ప్రొక్యూర్‌మెంట్ బిల్లు లోక్‌సభలో ప్రవేశపెట్టారు. 50 లక్షలకు పైబడిన కొనుగోళ్లకు వర్తించేట్టు, లంచాలకు జైలు శిక్షలతో. 2014లో సభ రద్దు కావడంతో అదీ మురిగిపోయింది. తమిళనాడు 1998లోనే, కర్ణాటక 1999లో, రాజస్థాన్ 2012లో సొంత చట్టాలు చేసుకున్నాయి.

గోఖలే బిల్లుకు కనీసం ఓటింగు జరిగింది. ఇది ఓటు దాకా కూడా రాలేదు. నాకు బాధ అక్కడే.

కుట్టుమిషన్

నేను మాట్లాడొచ్చా? పన్నెండు మంది ఆడవాళ్లం కలిసి యూనిఫారాలు కుడతాం. ఎప్పుడూ చదివి వెళ్లిపోతుంటాను, ఇవాళ రాయాలనిపించింది.

ఒకసారి ఒక ఆఫీసు టెండరు చూశాం. బట్ట వాళ్లిస్తారు, కుట్టి ఇవ్వాలి. అది మేం రోజూ చేసే పనే. షరతుల్లో గత మూడేళ్లు ఏటా టర్నోవరు ఇంత ఉండాలని పెట్టారు, అది మేం జన్మంతా కుట్టినా రాదు. పెద్ద కంపెనీకి వెళ్లింది. తమాషా ఏంటంటే ఆ కంపెనీ మనిషే మా దగ్గరికి వచ్చి కుట్టమన్నాడు, మా రేటులో సగానికి. అప్పుడు మాకు అర్హత ఎక్కడి నుంచి వచ్చింది? కొంతమంది ఒప్పుకున్నారు, ఇంట్లో గడవాలి కదా. బటన్ల కాజాలు చేత్తో తీస్తే కుదురుగా ఉంటాయి, ఆ రేటుకి మిషన్ మీద రెండు కుట్లు వేసి వదిలేశారు. రెండు ఉతుకులకు ఊడిపోతాయని మాకూ తెలుసు.

పన్నెండు మంది కుటుంబాలు, వాళ్ల పిల్లలు కూడా ఆ బడిలోనే చదువుతారు. అన్యాయం మాకు మాత్రమే జరగలేదు, ఆ చొక్కా వేసుకున్న పిల్లలకూ జరిగింది.

రిటైర్డ్_ఏఈ

అమ్మా, మీరు రాసింది మేం ఆఫీసుల్లో కూర్చుని తెలుసుకోలేని సంగతి. మీకు పనికొచ్చేవి కొన్ని చెబుతాను. కేంద్ర శాఖలు, సంస్థలు ఏటా కొనేవాటిలో 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గరే కొనాలి. 2012లో విధానం వచ్చినప్పుడు 20 ఉండేది, 2018లో పెంచారు. అందులో ఎస్సీ, ఎస్టీల సంస్థలకు 4 శాతం, మహిళల సంస్థలకు 3 శాతం. చిన్న సంస్థల కోసం ఉన్న ఉద్యమ్ పోర్టల్లో నమోదు చేయించుకోండి. సరుకు తీసుకున్న 45 రోజుల్లో డబ్బివ్వకపోతే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ అడిగే హక్కు చిన్న సంస్థల కోసం చేసిన 2006 చట్టం ఇచ్చింది. కేంద్రం విధానం రాష్ట్ర ఆఫీసుల కొనుగోళ్లకు నేరుగా వర్తించదు, అది గుర్తుంచుకోండి.

తేల్చిచెప్పు

చిన్నవాళ్లకు వాటా ఇవ్వడం అంటే పోటీని తగ్గించడమే కదా అని నేను ఇదివరకు వాదించేవాణ్ణి. కుట్టుమిషన్ గారి మాట చదివాక ఆ వాదన మీద నాకే నమ్మకం పోయింది. కుట్టింది వాళ్లే, లాభం మధ్యలో వాడిది. పోటీ జరిగిందెక్కడ? అక్కా, మీరు ఇంకా రాయండి.

పార్లమెంటు_గ్యాలరీ

గ్రూప్స్_బాట తమ్ముడి రెండో ప్రశ్న ఉండిపోయింది, ఎంపీ పనిని దేన్ని బట్టి చూడాలని. ప్రసంగం వీడియో చూసి నిర్ణయించొద్దు. నేను చూసే చోట్లు చెబుతాను.

మొదట ప్రశ్నలు. లోక్‌సభలో రోజుకు 20 నక్షత్ర గుర్తు ప్రశ్నలు, 230 మామూలు ప్రశ్నలు. నక్షత్ర గుర్తుదైతే మంత్రి నిలబడి చెప్పాలి, అనుబంధ ప్రశ్నలు అడగొచ్చు. మామూలుదైతే రాతపూర్వక జవాబే. నాకు మామూలు ప్రశ్నల మీదే ఇష్టం, ఎందుకంటే అంకెలు దొరికేది అక్కడ. ప్రశ్న 150 పదాలు దాటకూడదు. ఆ 150 పదాల్లో సభ్యుడు ఏం అడిగాడో చూస్తే ఎంత చదివాడో తెలిసిపోతుంది.

రెండోది చాలామంది పట్టించుకోరు, ప్రభుత్వ హామీల కమిటీ. మంత్రి "పరిశీలనలో ఉంది" అన్నా, "సమాచారం సేకరించి సభ ముందుంచుతాం" అన్నా అది హామీ కింద లెక్క. మూడు నెలల్లో నెరవేర్చాలి. మంచి సభ్యుడు ఆ జవాబు విని కూర్చోడు, తర్వాతి సమావేశంలో అదే దారం పట్టుకుని మళ్లీ లాగుతాడు. ఒకే విషయం మీద ఒక సభ్యుడు వరుసగా మూడు సమావేశాల్లో అడిగాడంటే నేను ఆ పేరు రాసిపెట్టుకుంటాను.

తర్వాత పబ్లిక్ అకౌంట్స్ కమిటీ. 22 మంది సభ్యులు, 1967 నుంచి అధ్యక్షుడు ప్రతిపక్షం వాడే. ప్రభుత్వ లెక్కలు ఆడిట్ చేసే కాగ్ నివేదికలు చర్చకొచ్చేది అక్కడ. కొనుగోళ్లలో జరిగిన తప్పులు బయటపడేది ఎక్కువగా అక్కడే. కెమెరాలు ఉండవు కాబట్టి ఆ పని చేసినవాళ్లకు పేరు రాదు.

ప్రైవేటు సభ్యుల బిల్లు, అంటే మంత్రి కాని సభ్యుడు సొంతంగా తెచ్చే బిల్లు, పెట్టాడా అని కూడా అడుగుతారు. పెడితే మంచిదే. అయితే ఇప్పటిదాకా 14 మాత్రమే చట్టాలయ్యాయి, చివరిది 1970లో. దాన్ని బట్టి మార్కులు వేస్తే అందరికీ సున్నాలే. ఎంపీ నిధుల విషయంలోనూ పొరపాటు పడొద్దు. ఏటా 5 కోట్ల పనులు ఎంపీ సిఫార్సు చేస్తాడు, టెండరు పిలిచేది, డబ్బు చెల్లించేది జిల్లా యంత్రాంగం.

ఒక్క జాగ్రత్త. మన బడి పుస్తకాలు, బెంచీలు ఎక్కువగా కొనేది రాష్ట్రాలు. 1976లో 42వ సవరణతో చదువు ఉమ్మడి జాబితాలోకి వచ్చినా, రాష్ట్రం పిలిచిన టెండరు గురించి లోక్‌సభలో అడిగితే ప్రశ్నను తోసిపుచ్చుతారు. కేంద్రం డబ్బిచ్చే బడి చదువుల పథకం సమగ్ర శిక్షా దారిలో అడగాలి. మిగతాది ఎమ్మెల్యేతో శాసనసభలో అడిగించాలి.

గ్రూప్స్_బాట

ఒక్క ప్రశ్న అడిగితే ఇంత వస్తుందనుకోలేదు. రూమ్మేటుకి టీచర్ గారి పేజీ నంబర్ల సంగతి చదివి వినిపించాను. ఏమీ అనలేదు, ఇంకోసారి చదవమన్నాడు.

మా ఎంపీ గారికి ఒక ప్రశ్న రాసి పంపుదామని ఇద్దరం కూర్చున్నాం. ముసాయిదా ఇది, తప్పులు చెప్పండి:

(ఎ) గత మూడేళ్లలో సమగ్ర శిక్షా కింద ఉచిత పాఠ్యపుస్తకాలకు, యూనిఫారాలకు రాష్ట్రాల వారీగా విడుదల చేసిన మొత్తం ఎంత?
(బి) పాఠ్యపుస్తకాలు పిల్లలకు సకాలంలో అందాయా?
(సి) ఒకే బిడ్ వచ్చినా ఖరారు చేసిన కొనుగోళ్లు ఎన్ని?
(డి) మహిళా సంఘాలకు యూనిఫారాల పని ఇచ్చిన జిల్లాలు ఎన్ని?

పార్లమెంటు_గ్యాలరీ

బాగుంది. (బి)లో "సకాలంలో" తీసేయండి. అలా అడిగితే "అందాయి" అని ఒక్క మాటలో జవాబొస్తుంది. బడి తెరిచిన తేదీ ఏది, ఆ తేదీకి ఎంతమంది పిల్లల చేతికి పుస్తకం చేరింది అని అడగండి. (సి)లో "సమగ్ర శిక్షా నిధులతో" అని చేర్చకపోతే రాష్ట్ర విషయమని పక్కన పెడతారు.

సర్కారుబడి_టీచర్

తరగతి వారీగా, సబ్జెక్టు వారీగా అడుగు బాబూ. మొత్తం మీద లెక్క చెబితే తొంభై అయిదు శాతం చేరాయంటారు, అది నిజమే అయి ఉంటుంది కూడా. ఆ మిగిలిన అయిదూ ఒకే తరగతి, ఒకే పుస్తకం అయితే ఆ ఏడాది ఆ పిల్లలకు ఆ సబ్జెక్టు లేనట్టే.

కుట్టుమిషన్

(డి)లో సంఘాలకు కుట్టుకూలి ఎన్ని రోజులకు ఇచ్చారో కూడా అడగండి తమ్ముడూ. పని ఇవ్వడం ఒకటి, డబ్బు చేతికి రావడం ఇంకొకటి.

గ్రూప్స్_బాట

మూడూ మార్చాను టీచర్ గారూ, అక్కా, అన్నా. (బి) ఇప్పుడు "బడి తెరిచిన తేదీ నాటికి తరగతి, సబ్జెక్టు వారీగా పుస్తకాలు అందిన విద్యార్థుల సంఖ్య" అని ఉంది. 150 పదాల లోపే వచ్చింది, లెక్కపెట్టాం. ఇంగ్లీషులోకి మార్చి రేపు పొద్దున ఎంపీ గారి ఆఫీసులో ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకుంటాం. సమాధానం వస్తే ఇదే చర్చ కింద పెడతాను.